బటాణీ బరువు

"మీ కాటా అబద్ధం చెబుతోందండీ," అన్నాడు అతను.

డాక్టరమ్మ తలెత్తి చూసింది. కుక్కల ఆసుపత్రి తెరిచిన ఈ రెండేళ్లలో ఆమె చాలా మాటలే పడింది. కుక్క కరిస్తే పడింది, కరవకపోతే "మా వాడికి ఈమధ్య పౌరుషం తగ్గింది, చూడండి" అన్నవాళ్ల చేతా పడింది. కాటాని పట్టుకుని అబద్ధాలకోరన్నవాడు మాత్రం ఇతనొక్కడే.

"ఐదు కిలోల తొమ్మిది వందలు. కళ్లముందే కనిపిస్తోంది కదా," అంది. "మా కుక్క లావు కాదు, బొచ్చెక్కువ అని అందరూ అంటారు. మీరు కాటా మీద పడ్డారు. అంతే తేడా."

"నేను తక్కువుంటుందని అనలేదండీ. ఇంకా ఎక్కువే ఉంటుందంటున్నాను."

అతను భుజాన ఉన్న సంచీలోంచి చిన్న చెక్కపెట్టె తీశాడు. మఖమల్ గుడ్డలో నగల్లా పేర్చిన తూనికరాళ్లు. కొట్లలో కాటాలు సరిచేయడం అతని పని. ఐదు కిలోల రాయి పెడితే ఆమె కాటా నాలుగు కిలోల ఎనిమిది వందలు చూపించింది.

"రెండు వందల గ్రాములు తినేస్తోంది. అంటే మా బటాణీ ఆరు కిలోల వంద."

బెంచీ మీదున్న అతని నానమ్మకి ఒళ్లు మండింది. "ఒరేయ్, నువ్వెవరి వైపురా? దాని వైపా, కాటా వైపా?"

ఇంటికి తెచ్చిన రోజున అరచేతిలో పట్టింది కాబట్టి దానికి బటాణీ అని పేరు. ఇప్పుడది నాలుగు కాళ్లు మొలిచిన దిండులా ఉంది. మెట్లెక్కితే దగ్గు. మంచం మీదికి ఎగరబోతే మోకాలు పట్టు తప్పి కుంటుతుంది. దగ్గుకి మందేసి పంపిస్తారనుకుని వచ్చారు నానమ్మా మనవడూ.

"దీనికేం పెడుతున్నారు బామ్మగారూ?"

"ఏం పెడతానమ్మా, పిట్ట తిండి. పొద్దున వెన్న రాసిన బ్రెడ్డు. టీ వేళకి నా బిస్కెట్లో సగం. సాయంత్రం ఇంతంటే ఇంత చీజ్ ముక్క."

"మధ్యలో నా ఆమ్లెట్," అన్నాడు మనవడు. నానమ్మ అతని మోకాలి మీద ఒక్కటిచ్చింది.

డాక్టరమ్మ బటాణీ మెడ కింద రెండు వేళ్లు పెట్టింది. "దీని ఊపిరిగొట్టం మీ చిటికెనవేలంత కూడా ఉండదు. చుట్టూ కొవ్వు పేరుకుంటే దగ్గక ఏం చేస్తుంది? నాలుగున్నర కిలోలు ఉండాల్సింది ఆరు మోస్తోంది. మీరిచ్చే చీజ్ ముక్క మీకు ముక్కే బామ్మగారూ. ఇంత చిన్న కుక్కకి ఒక పూట భోజనం. పెద్ద కుక్క తిని అరాయించుకునేది చిన్నదానికి ప్రాణం మీదికొస్తుంది."

తర్వాత అలమరలోంచి మూతున్న చిన్న రేకు డబ్బా ఒకటి తీసింది. ఇది ఆమె సొంత పద్ధతి. రోజు మొత్తం తిండి పొద్దున్నే తూచి డబ్బాలో వేసెయ్యాలి. కుక్కల కోసం అమ్మే గింజల తిండి అరవై గ్రాములు, కాసిని క్యారెట్ ముక్కలు. ఎవరికి ముద్దొచ్చి ఏం పెట్టినా డబ్బాలోంచే పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి ముద్దులూ ఖాళీ.

"ప్రతి శనివారం తెచ్చి తూయించండి," అంది. ఆగి, అతని చెక్కపెట్టె వైపు చూసింది. "కాటాగారూ, మీరు కూడా రండి. మళ్లీ ఇది అబద్ధమాడితే?"

అతను కాటా సరిచేసి వెళ్లిపోయాడు. వీధి చివరిదాకా వెళ్లాక, సంచీ అక్కడే మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కొచ్చాడు. పన్నెండేళ్ల వృత్తిలో తూనికరాళ్లు మర్చిపోవడం అదే మొదటిసారి.

*

శనివారాలు మొదలయ్యాయి.

అతను గింజలు ఒకటొకటిగా తూచేవాడు. అరవై ఒకటి చూపిస్తే ఒక గింజ తీసేసేవాడు. దాన్ని కాటా ఎక్కించడం చూడలేనని నానమ్మ ఆసుపత్రికి రావడం మానేసింది. ఆరు కిలోల వంద, ఆరు, ఐదు తొమ్మిది వందల ముప్పై. అంకె తగ్గినప్పుడల్లా డాక్టరమ్మ బటాణీ చెవి దగ్గర "శభాష్" అనేది. ఆ మాట పక్కనున్నవాడికి తగిలేది.

ఒక శనివారం బయట కుండపోత. అతనూ బటాణీ ఆసుపత్రిలోనే చిక్కుకుపోయారు. డాక్టరమ్మకి అప్పుడే మధ్యాహ్నం తిండికి తీరిక దొరికింది. సొరుగు లాగి, కాగితంలో చుట్టిన క్రీమ్ బన్ను తీసి, నిలబడే కొరికింది.

"ఇదేనా మీ భోజనం?"

"రోజూ ఇదే. ఏం?"

"లోకంలోని కుక్కలన్నిటికీ డబ్బాలిచ్చారు. మీకెవరూ ఇవ్వలేదా?"

ముక్కు మీద క్రీమ్ అంటించుకుని ఆమె పకపకా నవ్వింది. అతను ఆ క్రీమ్ సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండిపోయాడు. ఆలోచన తేలేలోపు వాన వెలిసింది. వాన మీద అంత కోపం అతనికి ఎప్పుడూ రాలేదు.

మరుసటి శనివారం రెండు డబ్బాలతో వచ్చాడు. రెండోదాంట్లో ఉడికించిన గుడ్లు, కూరగాయలు పెట్టిన రొట్టెలు.

"ఎన్ని గ్రాములేంటి?" అంది డాక్టరమ్మ, మూత తీస్తూ.

"మీది తూచలేదండీ."

"అదేం? మీరు తూచందేదీ ఉండదనుకున్నానే."

అతను నాలుక కరుచుకుని బటాణీ తోక వైపు చూశాడు. ఆమె రొట్టె కొరికి కిటికీ వైపు చూసింది. ఆ కాసేపూ వాళ్లని చూసింది బటాణీ ఒక్కతే, అదీ రొట్టె కోసం.

ఎనిమిదో వారానికి ఐదు కిలోల ఐదు వందలు. దగ్గు తగ్గింది. "ఇలాగే వెళ్తే ఇంకో నాలుగు నెలలు," అంది డాక్టరమ్మ. "ఆ తర్వాత మీరు వారం వారం రానక్కర్లేదు."

మంచి వార్తే. అతను ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. శనివారం చొక్కా ఇస్త్రీ చేసేటప్పుడు ఈల వేసేవాడు, ఈసారి వెయ్యలేదు. నానమ్మ కళ్లజోడు సరిచేసుకుని ఆ చొక్కా వైపూ, మనవడి వైపూ, బటాణీ వైపూ మార్చి మార్చి చూసింది.

తర్వాతి వారం ఐదు కిలోల ఐదు వందలు. ఆ పై వారమూ అంతే. మూడో వారమూ అంతే.

"మీ డబ్బా మీద నాకు నమ్మకం ఉంది," అంది డాక్టరమ్మ, అంకె వైపు చూస్తూ. "సరే, వచ్చే శనివారం చూద్దాం."

*

శనివారం దాకా ఆగలేదు. గురువారం పొద్దున అతను పనికి బయల్దేరుతుంటే బటాణీ గుమ్మం దాకా రాలేదు. వంటింటి మూల ముందుకాళ్లు నేలకానించి, నడుం పైకెత్తి వణుకుతోంది. నురగ కక్కుతోంది. పొట్ట మీద చెయ్యి వేస్తే కుయ్యిమంది.

వానలో దాన్ని చొక్కాలో దాచుకుని పరిగెత్తాడు. వద్దన్నా వినకుండా నానమ్మా గొడుగు పట్టుకుని వెనకే వచ్చింది. తొమ్మిదేళ్లుగా ఆమె మంచం పక్క నుంచి అది కదిలింది లేదు. తాతయ్య పోయిన ఏడాది ఆమె ముద్ద మింగిందంటే, అది ఎదురుగా కూర్చుని చూసేది కాబట్టే.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. రక్తం తీసింది. సెలైన్ ఎక్కిస్తూనే అడిగింది.

"క్లోమం వాచింది. కొవ్వు తిండి పడితే చిన్న కుక్కలకి ఇలాగే అవుతుంది. ఏం పెట్టారు?"

"డబ్బాలోదే..." అంటూ అతను వెనక్కి తిరిగాడు. నానమ్మ బెంచీ అంచున కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్లెత్తి అతన్ని చూడడం లేదు.

అతనికి అంతా అర్థమైపోయింది. ఈ ముసలి ప్రాణం ఇప్పుడు ఒక్క మాట పడినా తట్టుకోలేదు అనుకున్నాడు.

"నేనే పెట్టానండీ," అన్నాడు.

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. "మీరా?"

"నేనే. వెన్న. చీజ్."

"ఎంత?"

"ఏదో... కొంచెం."

"ఎన్ని రోజుల నుంచి?"

"కొన్ని రోజుల నుంచి."

ఆమె అతని ముఖంలోకి సూటిగా చూసింది. "ఒక గింజ ఎక్కువైతే తీసేసే మనిషి మీరు. మీ నోట్లోంచి 'ఏదో కొంచెం' అనే మాట ఎప్పుడైనా వచ్చిందా? మీ కాటాలకి అబద్ధం చేతకాదు. మీకు అసలే చేతకాదు. దాని ప్రాణం మీదికొచ్చింది, నిజం చెప్పండి. ఎవరు పెట్టారు?"

అతను సెలైన్ గొట్టం వైపు తల తిప్పుకున్నాడు.

"నేనమ్మా," అంది నానమ్మ. లేచి నిలబడింది. "మూడు వారాల నుంచీ, వీడు పనికెళ్లాక. రోజూ ఇంత చీజ్. నిన్న వెన్న కూడా, చెంచాడు. పెంచాలని కాదు తల్లీ. తగ్గకుండా ఆపుదామని."

"ఆపడం ఎందుకు బామ్మగారూ?"

"అది తగ్గిపోతే వీడిక్కడికి మళ్లీ ఏ వంకతో వస్తాడమ్మా? ముప్ఫై ఏళ్లొచ్చాయి, కాటాలతో తప్ప మనుషులతో మాట్లాడ్డం రాదు వీడికి. శనివారం వస్తే ఈల వేసేవాడు." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "వీడి ఈల కోసం నా బటాణీని చంపుకున్నానా?"

అతని చెవులు ఎర్రబడిపోయాయి. డాక్టరమ్మ వెళ్లి నానమ్మ పక్కన కూర్చుని ఆ రెండు చేతులూ పట్టుకుంది.

"బతికించుకుందాం బామ్మగారూ. మీరు నిజం చెప్పారు, సగం వైద్యం అయిపోయింది."

*

రెండు రోజులు గండం. మూడో రోజు, అంటే శనివారం, బటాణీ కళ్లు తెరిచి, గిన్నెలో ఉన్న పల్చటి కోడిమాంసం ముద్దని నాకింది. అతను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

"మీకొకటి చెప్పాలి," అంది డాక్టరమ్మ వెనకనుంచి. "అంకె కదలకపోతే ఎవరినైనా మొదటివారమే నిలదీస్తాను. మిమ్మల్ని నిలదీయలేదు. తగ్గకపోతే ఇంకో శనివారం దొరుకుతుందనిపించింది. డాక్టరైన మనిషి అలా అనుకోకూడదు. సిగ్గుగా ఉంది."

అతను ఇటు తిరిగాడు. "నేనైతే ప్రతి శుక్రవారం దండం పెట్టుకున్నానండీ, ఒక్క గ్రాము కూడా తగ్గకూడదని. తూచిందీ ఈ చేతులే, మొక్కిందీ ఈ చేతులే."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "అంటే ముగ్గురం కలిసి దాన్ని..."

"అవునండీ. అందుకే ఇప్పుడే చెప్పేస్తాను. నేను మిమ్మల్ని..."

"ఆగండి!" చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడు కాదు. బటాణీ నాలుగున్నరకి రానివ్వండి. ఆ రోజు చెప్పండి. అప్పటిదాకా ఆ మాట ఎత్తారంటే ఊరుకోను."

ఆ షరతు నానమ్మ చెవిన పడింది. అంతే, ఇల్లు కోటైపోయింది. వెన్న గిన్నె పక్కింటికి వెళ్లిపోయింది. ఎవరైనా చుట్టాలొచ్చి "పాపం, ఒక్క ముక్కే కదా" అంటే నానమ్మ ఇంతెత్తున లేచేది. "ఒక్క ముక్కా? అది దానికి పూట భోజనమమ్మా! మా మనవడి పెళ్లి ఆపుతావా?"

నాలుగు నెలలు గడిచాయి. బటాణీకి నడుమొచ్చింది. మెట్లు దూకుతూ ఎక్కుతోంది. ఆ శనివారం ముగ్గురూ కాటా చుట్టూ చేరారు.

నాలుగు కిలోల ఐదు వందల ఇరవై.

"వచ్చేసింది!" అంది నానమ్మ.

"ఇంకా ఇరవై గ్రాములుంది," అన్నాడు అతను, నిట్టూర్చి. "వచ్చే వారం, నానమ్మా."

"ఇరవై గ్రాములు ఒక బరువేనట్రా? పది మిరియాల గింజలంత!"

"తప్పు నానమ్మా. తూకం తూకమే."

నానమ్మ నెత్తి కొట్టుకుంది. డాక్టరమ్మ మాత్రం నెమ్మదిగా వంగి, బటాణీ మెడపట్టీ విప్పి, జేబులో వేసుకుంది.

నాలుగు కిలోల నాలుగు వందల ఎనభై.

"అదేంటండీ?" అన్నాడు అతను తెల్లబోయి. "మొదటిరోజు నుంచీ పట్టీతోనే తూచాం. ఇప్పుడు పట్టీ లేకుండా తూస్తే పాత లెక్కలన్నీ..."

"కాటాగారూ!" అంది డాక్టరమ్మ. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "నేనింకో వారం ఆగలేను. చెప్తారా, చెప్పరా?"

అప్పుడు అర్థమైంది అతనికి. నాలుగు నెలలుగా అద్దం ముందు నేర్చుకున్న మాటలన్నీ ఎటో ఎగిరిపోయాయి.

"రోజూ మీ డబ్బా నేనే కడతానండీ," అన్నాడు. "ఇక మీదట ఎప్పటికీ. తూచకుండా."

"సరే," అంది ఆమె. కళ్లు తుడుచుకుంది. "క్రీమ్ బన్ను మాత్రం ఆదివారాలు ఉండాలి."

నానమ్మ చేతిసంచీ తెరిచింది. "శుభమా అని నోరు తీపి చెయ్యాలి కదా."

"నానమ్మా!" "బామ్మగారూ!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"అబ్బ, ఆగండర్రా." నానమ్మ సంచీలోంచి రేకు డబ్బా తీసి, మూత విప్పి, ఒక క్యారెట్ ముక్క డాక్టరమ్మ నోట్లో పెట్టింది. ఇంకోటి మనవడి నోట్లో పెట్టింది. చివరిది చేతిలో పట్టుకుని వంగింది. బటాణీ అప్పటికే కాటా మీంచి కిందికి దూకేసి, ఆమె కాళ్ల దగ్గర తోకాడిస్తూ నిలబడి ఉంది.