దుప్పటి గుడారం

"ఈ పుస్తకం మీద ఎవరికండీ అంత కోపం?" చిరిగిన బొమ్మల పుస్తకాన్ని తిప్పి చూస్తూ అడిగింది లైబ్రరీ అమ్మాయి.

"మా మేనకోడలికి. రెండేళ్లు. నేను చదవడం మొదలెట్టగానే చింపేస్తుంది."

"ఎలా చదువుతారో ఓసారి చదవండి."

పుస్తకం తెచ్చిన ఎలక్ట్రీషియన్ గొంతు సవరించుకుని చదివాడు. ఆమె నవ్వాపుకుంది. "కరెంటు కోత ప్రకటనలా ఉంది. నేనైనా చింపేదాన్నే."

అతను నవ్వలేదు. "పాప వాళ్లమ్మ, మా అక్క, పోయి ఆర్నెల్లయింది. బావ పిల్లని నా దగ్గర వదిలి వెళ్లాడు. అప్పట్నుంచి నోరు విప్పట్లేదు. ఏం చెయ్యాలో తెలియట్లేదండీ."

ఆమె ముఖం మారిపోయింది. ఆ సాయంత్రమే వాళ్లింటికి వచ్చింది.

రెండు కుర్చీల మధ్య దుప్పటి కట్టి, కింద దిండ్లు పరిచి, లోపల టార్చి వెలిగించింది. "చదవొద్దు, ఆడండి. కథలో కుక్క వస్తే మీరే కుక్క."

అతను సిగ్గుతో చచ్చిపోతూ, మోకాళ్ల మీద పాకి, "భౌ" అన్నాడు. పాప ఉలిక్కిపడి చూసింది. తర్వాత మెల్లగా వచ్చి అతని చెవి పట్టుకుని లాగింది.

ఆమె రోజూ రావడం మొదలుపెట్టింది. ఒక వాన సాయంత్రం కథ అయిపోయి పుస్తకం మూయబోతుంటే, చిన్న గొంతు వినిపించింది.

"మల్లీ."

మళ్లీ చదవమంటోంది పాప! పెద్దవాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గుడారం ఇరుకు. ఆమె తడిజుట్టులోంచి చినుకులు అతని చేతి మీద పడుతున్నాయి. అతను చెయ్యి తీసుకోలేదు. ఆమెకి చెప్పాల్సిన మాట రేపు చెబుదాంలే అనుకున్నాడు.

మర్నాడు బావ వచ్చాడు. మళ్లీ పెళ్లి చేసుకున్నాడట.

"పిల్లకి అమ్మ ఉన్న ఇల్లు కావాలి కదరా," అన్నాడు.

అందులో తప్పేముంది? అతను పాప బట్టలు సంచిలో సర్ది ఇచ్చాడు. ఎత్తుకెళ్తున్న తండ్రి భుజం మీంచి రెండు చేతులూ చాచి పాప "మామా" అంది. అతన్ని అలా పిలవడం అదే మొదటిసారి.

తర్వాత అతను పనికి వెళ్లలేదు. అన్నం సహించలేదు. లైబ్రరీ అమ్మాయి వచ్చేసరికి గోడకానుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు.

"పాప లేదండీ. ఇంక మీరెందుకు రావడం?"

"ఇన్నాళ్లూ పాప కోసమే వచ్చాననుకున్నారా? ఒట్టి మొద్దు మీరు."

అతనికి అర్థమైంది. ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాటే. కానీ లోపల సంతోషం పుట్టలేదు.

"నా దగ్గర ఇవ్వడానికేం మిగల్లేదండీ."

"నేనేమన్నా అడిగానా? పక్కన కూర్చోనివ్వండి చాలు."

అప్పుడు ఏడ్చాడు. ఏడవొద్దని ఆమె అనలేదు.

"పాపని చూడ్డానికి ఎప్పుడు రమ్మన్నారు?" అతని ఏడుపు తగ్గాక అడిగింది.

"అక్కడ అలవాటు పడేదాకా రావద్దన్నాడు. ఎన్నాళ్లో చెప్పలేదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. "రమ్మన్నప్పుడు ఇద్దరం వెళ్దాం."

అతను తలూపాడు. కాస్త జరిగి, గోడ పక్కన ఆమెకి చోటిచ్చాడు.