ఉష ఫోనులో రొయ్యల తెగులు

నెల్లూరులోని ఆఫీసు గదిలోకి పరుగున వచ్చిన స్త్రీ తానే తలుపు గడియ పెట్టడం చూసి, డిటెక్టివ్ చంద్రమౌళి చదువుతున్న పుస్తకం మూశాడు. సహాయకురాలు భానుప్రియ నోటుబుక్కు తెరిచింది.

వచ్చినామె పేరు ఉష. మైపాడు ఎండుచేపల మహిళా సంఘానికి ఎల్లుండి జరిగే అధ్యక్ష ఎన్నికలో అభ్యర్థి. తెలియని నంబరు నుంచి వచ్చిన మెసేజీని చూపించింది: "ఎన్నికలో నిలబడబాక. నువ్వు ఫోన్లో ఏం వెతుకుతుండావో ఊరంతా చెప్తా."

"ఏం వెతికినానో మాత్రం అడగబాకండి సార్. మా ఆయనక్కూడా తెలీదు."

"అడగను. వెతికినవి చెరిపేస్తారా?"

"ఏ రోజుకారోజే! ఫోన్ ఎవురి చేతికీ ఇవ్వను."

"మీరు వెతకనివేమైనా అందులో కనిపించాయా?"

ఉష తెల్లబోయింది. "అవును సార్! రొయ్యలకు తెల్లమచ్చ తెగులు, గుంటకు మందులు... మాది సముద్రం మీద వేట, మాకు గుంట యాడుండాది?"

"ఫోనులో మెయిల్ ఖాతా ఎవరు పెట్టారు?"

"ఫోన్ అమ్మిన షాపాయనే. పోలేరమ్మక్క, ఆమె తమ్ముడు హరినాథ్, నేను ఒకసారే పొయ్యి కొన్నాం. అప్పుడింకా అక్క నాకు పోటీ కాదులెండి!"

చంద్రమౌళి కళ్లు మెరిశాయి. ఆమె చేత అక్కడే ఒక వాక్యం వెతికించాడు: 'మైపాడు సంఘం ఎన్నిక వాయిదా'. "ఈ మాట ఎవరితోనూ అనకండి."

మరునాడు చేపలు ఎండబెట్టే షెడ్డులో అందరినీ సమావేశపరిచాడు. ఉష భర్త మునెయ్య వచ్చాడు. పోలేరమ్మ, తోటపల్లి గూడూరులో రొయ్యల గుంటలున్న హరినాథ్ కూడా వచ్చారు.

"ఎన్నిక వాయిదా అంట గదా, ఇంకేం మీటింగు?" అన్నాడు హరినాథ్.

"నాకే తెలీదే, నీకెట్ట తెలిసిందిరా?" అంది పోలేరమ్మ.

హరినాథ్ జేబులోని ఫోను తడుముకున్నాడు.

"ఉషగారి ఫోను చెప్పింది," అన్నాడు చంద్రమౌళి. "షాపువాడు తొందరలో ఆమె ఫోనుకూ హరినాథ్ ఫోనుకూ ఒకే మెయిల్ పెట్టాడు. ఒకరు వెతికింది మరొకరికి చేరుతోంది. ఆమె చెరిపేలోపే ఈయన చదివేశాడు. నిన్న నేను వెతికించిన అబద్ధాన్ని కూడా! హరినాథ్ గారూ, మీ రొయ్యల తెగులు ఆమెకూ కనిపించింది. ఆమె చూసి ఊరుకుంది. మీరు బెదిరించారు."

"నువ్వు గెలవాలనే గదక్కా..."

"దొంగచూపులు చూసి గెలిపిస్తావా నన్ను? ఛీ, పో అవతలికి!"

మునెయ్య మెల్లగా అడిగాడు: "ఇంతకీ మా ఉష ఏం వెతికింది సార్?"

ఉష ఫోనును కొంగు చాటుకు లాక్కుంది.

"నేను అడగలేదు మునెయ్యగారూ. కేసుకు దాని అవసరం రాలేదు."

ఉష లేచి భానుప్రియ పక్కకు వచ్చింది. "కొత్త మెయిల్ నేనే పెట్టుకుంటా. ఎట్టనో చూపించక్కా."

పాస్‌వర్డ్ దగ్గరికి వచ్చేసరికి భానుప్రియ ముఖం సముద్రం వైపు తిప్పుకుంది.