పేరు లేని రోగి

2071 నాటికి శ్రీకాకుళంలో రక్తం ఇవ్వమని ఎవరినీ బతిమాలే పని లేకుండా పోయింది. ప్రాణబంధు సేవా సంఘం కేంద్రానికి జనం కొత్త సినిమాకి వచ్చినట్టు వచ్చేవారు. డాక్టర్ హిమజ కనిపెట్టిన జాడకణాలే దానికి కారణం. దానం చేసిన రక్తంలో కలిపే ఈ సూక్ష్మ కణాలు, ఆ రక్తం మరో మనిషి ఒంట్లోకి చేరగానే సంకేతం పంపుతాయి. దాత మణికట్టుకున్న బ్యాండ్ నాడిలా మెల్లగా కొట్టుకుంటుంది. పొయ్యి మీంచి కూర దించుతూనో, బస్సులో నిలబడో, ఉన్నట్టుండి చెయ్యి పట్టుకుని నవ్వుకునేవాళ్లు ఊళ్లో ఎక్కడ చూసినా కనిపించేవారు.

ఏ ఆసుపత్రిలో ఎక్కించారో కూడా బ్యాండ్ మీద పడేది. చిక్కు అక్కడే వచ్చింది.

ఒక ఉదయం పైడిరాజు అనే మెకానిక్ కేంద్రానికొచ్చి బ్యాండ్ ఊడదీసి బల్ల మీద పడేశాడు. సంఘం కార్యదర్శి ఖాసిం లేచి నిలబడ్డాడు.

“నా కూతుర్ని బండితో గుద్ది సంపినోడికి నా రక్తమే ఎక్కించారంట. నిజమేనా బాబూ?”

నిజమే. బ్యాండ్ చూపిన ఆ చిన్న ఆసుపత్రిలో ఆ పూట రక్తం ఎక్కించింది ఆ గుద్దినవాడొక్కడికే.

“ప్రాణం పోతుంటే ఎవరని చూడం, పైడిరాజూ,” అన్నాడు ఖాసిం.

“మీరు సూడరు. నాను సూసుకోవాల గదా.” ఆ మాట అని అక్కడే కూలబడి ఏడ్చాడు.

కబురు ఊరంతా పాకింది. దాతలు తగ్గిపోయారు. తమ రక్తం ఎవరికి వెళ్లకూడదో తామే చెప్పుకునే వీలు కావాలన్నారు. ఏ సంచి ఏ రోగికో తేల్చి ఇచ్చే పంపిణీ యంత్రానికి హిమజ ఆ సదుపాయం జోడించింది.

“ఇది మొదలైతే ఆగదు డాక్టరమ్మా,” అన్నాడు ఖాసిం.

“పైడిరాజు బాధ న్యాయమైంది కాదా?”

“న్యాయమైందే. అందుకే నాకు భయం.”

దాతలు మళ్లీ వచ్చారు. మొదట హంతకులకు వద్దన్నారు. తర్వాత తాగుబోతులకు. ఆ తర్వాత ఫలానా ఊరివాళ్లకు, ఫలానా కులంవాళ్లకు, ఫలానా పార్టీవాళ్లకు. యంత్రం అన్నిటినీ నమోదు చేసుకుంది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, పక్క ఆసుపత్రికి భూలక్ష్మి అనే బాలింతను తెచ్చారు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగడం లేదు. బి నెగెటివ్. నర్సు పరుగున కేంద్రానికొచ్చి ఆమె వివరాలు యంత్రానికి ఇచ్చింది.

“ఈమె రక్తానికి సరిపడే సంచులు పదకొండు ఉన్నాయి,” అంది యంత్రం. “ఈమెకు ఇవ్వదగినవి సున్నా.”

“సున్నా ఏమిటి?” హిమజ అదిరిపడింది.

“ప్రతి దాత షరతూ ఈమె వివరాల్లో ఏదో ఒకదానికి అడ్డు వస్తోంది. ఊరు, కులం, భర్త మీదున్న కేసు.”

“షరతులు తీసెయ్!”

“దాత అనుమతి లేకుండా కుదరదు. ఆ నియమం మీరు పెట్టిందే.”

నర్సు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖాసిం యంత్రం ముందుకొచ్చాడు.

“పేరూ ఊరూ తెలియని రోగి అయితే?”

“గుర్తు తెలియని వ్యక్తిని ఏ దాతా వద్దనలేదు. పదకొండు సంచులూ ఇవ్వవచ్చు.”

ఖాసిం తెర మీద భూలక్ష్మి పేరు చెరిపేశాడు. ఊరు, కులం చెరిపేశాడు. భర్త పేరు చెరిపేశాడు. సంచులున్న అర తలుపు తెరుచుకుంది. నర్సు సంచులు గుండెకు హత్తుకుని పరిగెత్తింది.

కాసేపటికి ఫోన్ వచ్చింది. ఇంకో సంచి ఎక్కిస్తున్నారు, ఇక భయం లేదు. “రేపట్నుంచి మన దగ్గర ఎవరికీ పేరుండదు,” అన్నాడు ఖాసిం ఊపిరి పీల్చుకుని.

హిమజ తన చేతివైపు చూసుకుంది. ఆమె మణికట్టున బ్యాండ్ కొట్టుకుంటోంది.

ఖాసిం చూశాడు. మొహం విప్పారింది. “మీ రక్తమేనా డాక్టరమ్మా!” అన్నాడు. మరుక్షణం ఆ నవ్వు ఆగిపోయింది.

“మరి ఇందాక యంత్రం సున్నా అని ఎందుకంది?”

హిమజ రెండో చెయ్యి బ్యాండ్ మీద కప్పుకుని, అది ఆగేదాకా అలాగే నిలబడిపోయింది.