ఆపరేషన్ ఒంటిపొర

"చిప్ సరిగ్గా పదకొండింటికి లాబ్ దాటాలి. 'ఇవాళ చలెక్కువ' అన్న మేడమ్ చేతికివ్వు. ఆవిడ మన మనిషే." చీఫ్ బ్రీఫింగ్ అంతే.

పది యాభై రెండు. సిలిండర్ల మెకానిక్ వేషంలో వచ్చిన ఏజెంట్ లాబ్ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కోడ్‌వర్డ్ చెప్పిన మేడమ్, ఆకుపచ్చ సిల్కు గౌనులో మెరిసిపోతూ, సైంటిస్ట్ కణతకి పిస్టల్ ఆనించింది. ఆ సైంటిస్ట్ అతని సొంత అక్క. కంచే చేను మేసింది. మేడమ్ విదేశీ ముఠా మనిషి.

అతని పెట్టుడు మీసం, పిస్టల్, కెమెరా పెన్ను అప్పటికే టేబుల్ మీదున్నాయి.

"ఏంటి డాక్టర్ ఈ చిప్ గొప్ప?" అంది మేడమ్.

"ఎలక్ట్రాన్లని ఒకే ఒక్క పలచటి పొరలో బంధించాం," అంది అక్క. "గుంపు పలచబడేకొద్దీ వాటి కీచులాట పెరుగుతుంది. చివరికి వాటి స్పిన్‌లు, అంటే లోపలి బుల్లి అయస్కాంతాలు, అన్నీ ఒకే వైపు తిరుగుతాయి. ఎనిమిదేళ్ళలో మూడొందల చిప్‌లు చేశాం. పనిచేసి, ఎంత చిక్కు లెక్కనైనా చిటికెలో విప్పింది ఇదొక్కటే."

"దీంతో మీ కోడ్లన్నీ విప్పేస్తాం. ఏయ్ మెకానిక్, డబ్బాలో పెట్టివ్వు!"

కోడ్లు విప్పితే పరాయి దేశాల్లోని నలభైమంది ఏజెంట్లు సాయంత్రానికి బతకరు. అలారం వైరు తెగి ఉంది. అతనికి ఏ దారీ తోచలేదు.

అక్క కసిరింది. "ముందా తల దువ్వుకోరా! పిచ్చుక గూడులా ఉంది. చచ్చేముందైనా మనిషిలా ఉండు."

మేడమ్ పకపకా నవ్వింది. "దువ్వుకో బాబూ, అక్క మాట వినాలి."

చిన్నప్పుడు దువ్వెన తలకి రుద్ది కాగితం ముక్కల్ని ఎగరేసిన ఆట అతనికి గుర్తొచ్చింది. చేతికి ఎర్త్ పట్టీ లేకుండా చిప్‌ని ముట్టుకోవద్దని, కంటికి కనబడని నిప్పురవ్వ చాలు అది చావడానికని అక్క అందరికీ చెప్పేది. నిజంగానే చిప్‌ని చంపమంటోందా? అతను అక్క వైపు చూశాడు. ఆమె కళ్ళు నిండిపోయాయి. అవునన్నట్టు ఒక్కసారి రెప్ప వాల్చింది.

అతను జేబులోంచి ప్లాస్టిక్ దువ్వెన తీసి గబగబా దువ్వుకున్నాడు. చిప్ అందుకుంటూ, దాని లోహపు కాలికి దువ్వెన తాకించాడు. టిక్. చీమ చిటుక్కుమన్నంత చప్పుడు.

మేడమ్ చిప్ పెట్టిన డబ్బా లాక్కుని, బయట తాళం వేసి, పదకొండు కొట్టేలోగా మాయమైంది. అక్క నేలమీద కూలబడి భోరున ఏడ్చింది. అతనికీ ఏడుపు ఆగలేదు.

బూటు మడమలోని రేడియో గురగురలాడింది. "చిప్ ఏదీ?" చీఫ్ అరిచాడు.

"మేడమ్ పట్టుకెళ్ళింది సార్. కంగారుపడకండి, చిప్ చచ్చిపోయింది. అంత్యక్రియలు వాళ్ళే చేసుకుంటారు."