బ్రోచరులో పన్నెండో చుక్క

గుండీ ఏడో చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు అయింది, భుజాలు అయ్యాయి, కుడి చేతి మీద నీళ్లు చిలకరిస్తుండగా గేటు కిర్రుమంది. ఎవరో తల తిప్పి చూడనక్కర్లేదు. శనివారం, పదకొండు గంటలు, పైన సన్నటి వాన. గొడుగు ఫైలుకి పట్టి తను తడిసి వచ్చే మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే.

"చుక్కల అబ్బాయి వచ్చాడే గుండీ!" అంది బామ్మ, కుట్టుమిషను ఆపకుండానే.

గుండీ అసలు పేరు వేరే ఉంది. చిన్నప్పుడు చొక్కా గుండీ ఒకటి మింగి ఇల్లంతా హడలగొట్టిన రోజు నుంచి ఆ పేరు ఎవరికీ గుర్తులేదు. బామ్మకి వీధిలో పెట్టిన పేరు రేడియో. దానికి కారణం చెప్పక్కర్లేదు.

బామ్మ నలభై ఏళ్లుగా ఓడల్లో వడ్డించేవాళ్లకి తెల్ల చొక్కాలు కుడుతోంది. "నేను కుట్టిన చొక్కాలన్నీ సముద్రం చూశాయి. నేనే ఈ మురుగుకాలవ దాటలేదు. ఒక్కసారి ఓడెక్కి నా కాలర్లు ఎలా నిలబడ్డాయో చూసుకుంటే చాలు," అంటుంది. అందుకోసం పైసా పైసా కూడబెట్టింది.

మూడు నెలల క్రితం ఇద్దరూ వీధికి ఎడమవైపున్న ట్రావెల్స్ షాపుకి వెళ్లారు. ఓడ ప్రయాణం బ్రోచరు మీద 'అన్నీ కలిపి' అని అరచెయ్యంత అక్షరాలు. కౌంటరు వెనక అబ్బాయి బుద్ధిగా రసీదు రాయకుండా సొరుగులోంచి భూతద్దం తీశాడు. "ఇక్కడో చుక్క గుర్తుంది, చూశారా బామ్మగారూ?" కింద చీమ తలంత అక్షరాలు. టిప్పులు ఆ 'అన్నీ'లో లేవట. రోజుకింత, మనిషికింత.

"మీరు అమ్ముతున్నారా, చెడగొడుతున్నారా?" అని గుండీ విరుచుకుపడింది.

"చెప్పి అమ్ముతున్నానండి," అన్నాడతను.

అప్పట్నుంచి ప్రతి శనివారం ఒక కొత్త చుక్కతో ఇంటికే వస్తున్నాడు. ఒక వారం వైఫై. ఒక వారం కాఫీ. ఇంకో వారం రేవు నుంచి ఊళ్లోకి తీసుకెళ్లే బస్సు. "ఓడ ఊరికే ఆగుతుందండి, ఊరు చూడ్డం మాత్రం ఊరికే కాదు," అన్నాడప్పుడు. గుండీ నవ్వకూడదనుకుని నవ్వింది.

ఇవాళ తల తుడుచుకుని, "పన్నెండోది. ఇదే ఆఖరిది," అన్నాడు. "గది రేటు ఇద్దరి లెక్కన వేస్తారు. ఒక్కరే వెళితే రెండో మనిషి డబ్బు కూడా బామ్మగారే కట్టాలి."

మిషను ఆగింది. "రాని మనిషికి నేను టికెట్టు కొనాలా? మరి ఆవిడ వాటా తిండి ఎవరు తింటారు?"

"తోడు ఎవరైనా ఉంటే..."

"మా గుండీకి నెలాఖరుకి ఇవ్వాల్సిన చొక్కాలు అరవై ఉన్నాయి. నా మాటలు వారం రోజులు ఎవరు పడతారు నాయనా? మా ఆయనే చెవుల్లో దూది పెట్టుకునేవారు."

"మా అమ్మ పడుతుందండి. చెవి మిషను ఉంది, కావాల్సినప్పుడే పెట్టుకుంటుంది."

అతని ఇల్లు ఈ గేటు దాటి కుడివైపుకి వెళితే రెండో వీధిలో. బామ్మ ఒక్క క్షణం ఆలోచించి పెదవి విరిచింది. "ముక్కూ మొహం తెలియని ఆవిడతో ఒకే గదిలోనా? ఏ సంబంధమనయ్యా?"

"టికెట్టు మీద ఆఫరు ఎప్పటిదాకా?" అంది గుండీ.

"ఈ సాయంత్రం ఐదింటిదాకా."

"ఈ పన్నెండు చుక్కలూ మీకెప్పుడు తెలిశాయి?"

అతను ఫైలు చూశాడు. గొడుగు చూశాడు. ఇంటికప్పు కూడా చూశాడు. "మొదటి రోజే."

ఇస్త్రీపెట్టె ఉన్నచోటే ఉండిపోయింది. "వారానికొకటి చెప్పడానికి ఇదేమన్నా సీరియలా? బామ్మ ఓడ తప్పిపోయేలా ఉంది!"

కాలిన వాసన వచ్చింది. చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె ముద్ర, గోధుమరంగులో.

"సగం ఆలస్యం బీమా వల్లండి," అన్నాడతను గబగబా. "షాపులో అంటగట్టే బీమా టికెట్టులో మూడోవంతు. బయట అడిగితే, డెబ్భై రెండేళ్లనగానే ఎనిమిది కంపెనీలు ఫోను పెట్టేశాయి. తొమ్మిదోది నిన్న ఒప్పుకుంది, అందులో సగం రేటుకే. కాకపోతే ఉన్న జబ్బులన్నీ ఈ ఫారంలో రాయాలి."

"నాకేం జబ్బు! గుండ్రాయిలా ఉన్నాను."

అతను కుట్టుమిషను పక్కనున్న గుండీల డబ్బాలోకి తొంగిచూశాడు. గుండీల మధ్య మాత్రల అట్ట మెరుస్తోంది. "ఇవి ఏ చొక్కాకి కుడతారు బామ్మగారూ?"

"బీపీవిలే. రాస్తే రేటు పెరగదూ?"

"కాస్త పెరుగుతుంది. దాచితే మాత్రం, నడిసముద్రంలో డాక్టరు మీ చెయ్యి పట్టుకున్నాక బిల్లంతా మీ నెత్తినే. దాచిన జబ్బుకి బీమా రాదు."

"దాచడం గురించి తమరా చెప్పేది!" గుండీ కాలిన చొక్కా పక్కకి విసిరింది. "సగం బీమా వల్ల. మరి మిగతా సగం?"

బయట వాన వినిపిస్తోంది. బామ్మ కుర్చీ ఇటు తిప్పుకుంది.

"అదీ దాచిన జబ్బేనండి," అన్నాడతను నేల చూపులు చూస్తూ. "మూడు నెలలుగా ఉంది. శనివారాలు ఎక్కువవుతోంది. చుక్కలైపోతే ఈ గేటు తియ్యడానికి సాకు ఉండదని భయపడ్డాను. బామ్మగారి ఓడతో ఆడుకున్నాను. తప్పు నాదే. మీరు పొమ్మంటే ఫారం ఇచ్చేసి పోతాను."

గుండీకి గొంతులో మళ్లీ గుండీ అడ్డుపడ్డట్టయింది. మింగడానికి కాసేపు పట్టింది.

"మొదటి రోజే రాసెయ్యాల్సింది," అంది చివరికి, ఇస్త్రీపెట్టె వైరు వేలికి చుట్టుకుంటూ. "రేటు కాస్త పెరిగేది. అంతే."

"పెరిగితే... కడతానండి."

"ఎంతో అడగరా?"

"అందులో చుక్క గుర్తులేమైనా ఉన్నాయా?"

"బోలెడు. వారానికొకటి చెబుతాను."

ఈలోగా ఫారం బామ్మ చేతిలోకి ఎప్పుడు వెళ్లిందో ఇద్దరూ గమనించలేదు. ఆవిడ ముక్కు మీదికి కళ్లద్దాలు లాక్కుని, బట్ట మీద గీతలు గీసే పెన్సిలుతోనే చకచకా రాసి, కాగితం ఇస్త్రీబల్ల మీద పెట్టింది. గుండీ వంగి చూసింది. పక్కనుంచి అతనూ వంగాడు.

జబ్బులు: బీపీ.

తోడు వచ్చేవారు: ఈ అబ్బాయి వాళ్లమ్మ.

సంబంధం: వియ్యపురాలు.

ఇద్దరూ ఒకేసారి తలెత్తేసరికి బామ్మ చెప్పులేసుకుని గుమ్మంలో ఉంది. అతని గొడుగు తీసుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా మెట్లు దిగి, గేటు తీసి, కుడివైపుకి తిరిగింది.