తవిటమ్మ అన్న పళ్లెం

ఎదగాజు మీద చెయ్యి పెట్టాల్సిన రోజున కూడా తవిటమ్మ ముందు అన్న పళ్లెంలోనే వడ్డించింది. దిబ్బరొట్టె ముక్క, పక్కన బెల్లం పాకం. తర్వాతే తన పళ్లెం తీసుకుంది.

"అన్నకి పాకం ఎక్కువుండాలి," అంది తల్లితో.

"ఏసీసానే," అంది పైడితల్లి. అప్పటికే ఆమె ఇంకో గరిటె వేసేసింది.

ఎదురుగా కూర్చున్న సన్యాసిరావు ఇదంతా చూసి తృప్తిగా చెయ్యి కడుక్కున్నాడు. పదేళ్లుగా అతను ఈ పిల్లను తయారుచేస్తున్నాడు. ఇవాళ తేలిపోతుంది.

ఆ కాలంలో పరీక్షలు లేవు. ర్యాంకుల మాట ముసలివాళ్లు చెబితే పిల్లలు నవ్వేవారు. ప్రతి కాలేజీలోనూ ఒక ఎదగాజు ఉండేది. అరచేతి వెడల్పు పలక. పిల్ల దానిమీద చెయ్యి పెట్టి ఏం చదవాలనుందో చెప్పాలి. కోరిక నిజమైతే గాజు నీలంగా వెలుగుతుంది. ఎవరో నేర్పిన మాటైతే బూడిదరంగులో ఉండిపోతుంది. ఇక కోచింగులు పోయాయి, ఉన్నవాడూ లేనివాడూ ఒకటే అన్నారు పెద్దలు.

కోచింగులు పోలేదు. జవాబులు నేర్పేవాళ్లు కోరికలు నేర్పడం మొదలుపెట్టారు. వాళ్లను కోరికదిద్దరులు అనేవారు. పెట్టుకోగలవాళ్లు బిడ్డకు చిన్నప్పుడే దిద్దరిని పెట్టుకునేవారు. పెట్టుకోలేనివాళ్ల పిల్లలు తమకున్న కోరికతోనే వచ్చి నిలబడేవారు.

సన్యాసిరావు పేరున్న దిద్దరి. తాను చేసేది తప్పని అతను ఏనాడూ అనుకోలేదు. "పిల్ల మనసులో ఎవరో ఒకరు ఏదో ఒకటి పెడతారు. నేను మంచిది పెడతాను," అనేవాడు.

తవిటమ్మ తండ్రి అప్పలస్వామికి అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. కూతురు డాక్టరు కావాలి. మొదట్లో ఆ పిల్ల దేనికీ లొంగలేదు. డాక్టరు పెట్టె కొనిస్తే అందులో బొమ్మల్ని పడుకోబెట్టింది. ఆస్పత్రికి తీసుకెళితే వాసన పడక ఏడ్చింది. అప్పుడు సన్యాసిరావు ఆ పేరు ఎక్కడిదని అడిగాడు. అప్పలస్వామి నాయనమ్మ పేరు, అంతే. కాని వెనకటికి ఆ ప్రాంతంలో ఒక పద్ధతి ఉండేది. తొలి బిడ్డ పోతే, తర్వాతి బిడ్డనైనా బతికించుకోవాలని చేటలో తవుడు పోసి పడుకోబెట్టేవారు. ఆ బిడ్డకు తవిటయ్య అనో తవిటమ్మ అనో పేరు పెట్టేవారు.

సన్యాసిరావు పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాడు. "నీకో అన్న ఉండేవాడు తల్లీ. జ్వరమొచ్చింది. డాక్టరు సమయానికి అందలేదు. అందుకే నిన్ను తవుట్లో వేశారు."

ఆ సాయంత్రం పైడితల్లి అతని మీద విరుచుకుపడింది. "పుట్టని బిడ్డని సంపీసారేటి మాస్టారూ?"

అప్పలస్వామి ఆమె నోరు మూయించాడు. మర్నాటి నుంచి ఇంట్లో ఒక పళ్లెం ఎక్కువైంది.

ఇవాళ దిబ్బరొట్టెలు తిని బయల్దేరాక, తనంతట తాను నడిచే బండి వాళ్లను విశాఖలో కొండమీది వైద్య కాలేజీకి చేర్చింది. తవిటమ్మకు ముందు వెళ్లిన పిల్లకు దిద్దరి లేడు. గాజు సన్నగా వెలిగింది. సీటు మిగిలితే చూద్దామని పక్కన నిలబడమన్నారు.

తవిటమ్మ చెయ్యి పెట్టింది. "నాను డాక్టరు సదవాలి. మా అన్నలాటోళ్లకి సమయానికి అందాలి."

గాజు భగ్గున వెలిగింది. ఎదుటి అధికారి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సీటిచ్చి, చేరేరోజున మళ్లీ చెయ్యి పెట్టాలని, అప్పుడు సన్నగా వెలిగినా చాలని, ఆరిపోతే మాత్రం సీటు పోతుందని చెప్పాడు.

బయట అప్పలస్వామి కనపడినవాళ్లందరికీ బెల్లం మిఠాయి పెడుతున్నాడు. తవిటమ్మ సన్యాసిరావు దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, సీటొచ్చాక అన్నని మట్టిలో పెట్టిన సోటు సూపిస్తానన్నారు. పదండి. ముందు వాడికి సెప్పాలి."

ఆ మాట అతను అన్నది నిజమే. సీటు తర్వాత ఏమిటన్నది అతని పనిలో లేదు. ఏ మట్టిదిబ్బనైనా చూపించొచ్చు. అప్పలస్వామి కళ్లతో అదే చెబుతున్నాడు. కాని చూపిస్తే ఈ పిల్ల దాని ముందు కూర్చుని ఏడుస్తుంది. అది చూస్తూ పక్కన నిలబడటం తనవల్ల కాదనుకున్నాడు.

"అన్న లేడమ్మా. ఎప్పుడూ లేడు. నేను కల్పించాను."

"మాస్టారూ!" అప్పలస్వామి అరిచాడు. "ఇంకా సేరలేదు కదేటి! గాజు ఆరిపోతే ఆ పక్కన నిలబెట్టిన గుంటకిచ్చీగలరు సీటు!"

తవిటమ్మ తల్లి వైపు తిరిగింది. "మరి నువ్వు పాకం ఎక్కువేసీదానివేటమ్మా?"

పైడితల్లి కూతురి చెయ్యి పట్టుకుంది.

తవిటమ్మ తండ్రి వైపు తిరిగింది. "సేరే రోజున సెయ్యి పెడతాను. ఎలిగితే ఆ కోరిక నాది. ఆరిపోతే మాస్టారిది. ఆయనే సేరి సదువుకుంటారు."

అప్పటినుంచి ఆ పిల్ల రోజూ ఊళ్లో పెద్దాస్పత్రికి వెళ్లింది. ఎవరూ పొమ్మనలేదు. ఆ వాసనలో బెంచీమీద కూర్చునేది. ఇంటికొచ్చి, కాలు విరిగిన తాత నర్సుని ఏమని తిట్టాడో చెప్పి నవ్వేది. సన్యాసిరావు ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

చేరేరోజున గాజు వెలిగింది. భగ్గుమనలేదు. ఆనాడు పక్కన నిలబడిన పిల్లకు వెలిగినట్టే సన్నగా వెలిగింది.

"తగ్గిందే!" అన్నాడు అధికారి.

"తగ్గినా నాదే," అంది తవిటమ్మ. చెయ్యి తీసుకుని హాస్టలు వైపు నడిచింది.

ఆ కబురు చెబుతూ అప్పలస్వామి సన్యాసిరావును భోజనానికి పిలిచాడు. మధ్యాహ్నం వేళ. కింద చాపలు పరిచి ఉన్నాయి. పైడితల్లి చేపల పులుసు వడ్డించింది. భర్తకు, అతిథికి, ఆ తర్వాత అతిథి పక్కనున్న ఖాళీ పళ్లెంలో. ముల్లు లేని ముక్క ఏరి మరీ వేసింది.

సన్యాసిరావు ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. "పైడితల్లమ్మా, పిల్లకి నిజం తెలిసిపోయింది కదా. ఇంకా ఎందుకిది?"

"పిల్లకి ఇప్పుడు తెలిసింది. నాకు మొదట్నుంచీ తెలుసు." ఆమె పళ్లెం అంచు తుడిచింది. "ఈపాటికి వాడికి మీసాలొచ్చుండును మాస్టారూ."

"లేని మనిషి కోసం..."

"లేడని నాకు సెప్పకండి. ఆ గాజు మీద నా సెయ్యి ఎవులైనా పెట్టించారేటి?"

అప్పలస్వామి తలవంచుకుని తింటున్నాడు. సన్యాసిరావు తన చాప అంచు ఆ పళ్లేనికి తగులుతోందని అప్పుడు చూశాడు. లేచి చాపను కాస్త ఇవతలికి జరుపుకుని, ఆ కుర్రాడికి చోటిచ్చి కూర్చున్నాడు.