తిరిగొచ్చిన చెంబు

నీళ్లు చూసి ఇల్లు ఎంచుకునే మనుషులం మేము. చుక్క నీటికి అల్లాడే తంబళ్లపల్లెలో పుట్టినవాళ్లం మరి! మా ఆయన ఆనంద్‌కు బెంగళూరులో ఉద్యోగం కుదిరాక, బాడుగ ఇల్లు చూద్దామని బస్సెక్కాం. ఆయన, నేను, అయిదేళ్ల మా అంబిక, మా అత్త మునెమ్మ.

చెరువు ఒడ్డున అపార్ట్‌మెంటు. నాలుగో అంతస్తు. కిటికీ తెరిస్తే చూసినంత మేరా నీళ్లే. గోడలకు చెమ్మ, ఎటు తిరిగినా నాచు వాసన. అవేవీ మాకు పట్టలేదు. అత్త కొళాయి తిప్పి, ధార కింద చేయి పెట్టి మురిసిపోయింది.

"నీళ్లు ఎప్పుడూ వస్తాయా అప్పా?" అని ఇల్లు చూపిస్తున్న మోసిన్‌ను అడిగింది.

"ఈడ నీళ్లకు కొదవే లేదమ్మా," అన్నాడతను, గడప బయటే నిలబడి.

ఊరినుంచి తెచ్చిన ఇత్తడి చెంబుతో అత్త నీళ్లిస్తే పుచ్చుకోలేదు. మా వైపు నీళ్లు వద్దనేవాళ్లుండరు. ఎంత పొగరు అని నాకు ఒళ్లు మండింది.

మాట్లాడుకోవడానికి మగవాళ్లిద్దరూ కిందికి దిగారు. నేనూ అత్తా వంటగదిలో ఉండగా కరెంటు పోయింది. మిట్టమధ్యాహ్నమే అయినా ఇల్లంతా మసకబారింది. కొళాయి కట్టేశాం, అయినా ఎక్కడో చుక్క పడుతూనే ఉంది. టప్... టప్...

"నీళ్లు..." ఎవరిదో గుసగుస.

"ఇందక్కా, తాగు." అది అంబిక గొంతు.

పరుగెత్తాను. బాల్కనీ ఊచల్లోంచి చేయి బయటికి చాపి నిలబడింది నా బిడ్డ. చేతిలో చెంబు లేదు. ఊచల అవతల కాలు మోపే చోటే లేదు. కింద చెరువు...

"ఎవురికిచ్చినావే?"

"ఆ అక్కకి. అంతా తడిసిపోయిండాది. అయినా దాహమంట."

దాహమన్నవాళ్లకు లేదనకూడదని నేర్పింది మేమే. దాన్ని ఏమని తిట్టను?

అత్త ముఖం పాలిపోయింది. "చెంబు పోతే పోనీ. తిరిగి రాకుంటే సాలు," అని గొణిగింది. మా పల్లెల్లో ఒకరింటి పాత్రను ఎవరూ ఖాళీగా తిరిగివ్వరు. బెల్లం ముక్కో, చింతపండో, ఏదో ఒకటి వేసి ఇస్తారు.

కింద మోసిన్ మమ్మల్ని చూసి, "ఆమెకు నీళ్లిచ్చినారా?" అని ఒకే మాట అడిగాడు. అవునంటే తల దించుకున్నాడు.

ఆ ఇల్లూ వద్దు, ఆ ఊరూ వద్దని మా పల్లెకే వచ్చేశాం.

ఈ వేసవికి మా బోరు ఎండిపోయింది. కొళాయిలు తుప్పు పట్టాయి. మొన్న పొద్దున తలుపు తీస్తే గడప మీద మా చెంబు! అంచుదాకా పచ్చటి నీళ్లు. అదే నాచు వాసన. అడుగున ఏదో మెరిసింది. వేళ్లు పెట్టి తీశాను.

అంబిక కాలి పట్టీ. రాత్రి పడుకోబెడుతూ నేనే బిగించిన పట్టీ...

"అంబికా!"

"ఈడుండానమ్మా."

స్నానాల గదిలోంచి. లోపల గడియ వేసి ఉంది. కొళాయి ధారగా పడుతున్న చప్పుడు. ముగ్గురం తలుపు బాదాం, భుజాలతో తోశాం. కదల్లేదు. దేవుడా, ఒక్క తోపుకే ఊడిరావాల్సిన పాత రేకు తలుపు అది!

"నీళ్లు దండిగా ఉండాయమ్మా," అంది నా బిడ్డ. "నువ్వూ రా..."

ధార చప్పుడు పెరుగుతూనే ఉంది. తలుపు కిందినుంచి మాత్రం ఒక్క చుక్క బయటికి రాలేదు.